మొదటి తాడు

పుర్వగల్స్ ఎలా ఉండేదని అడిగితే
రంగు ఉండేది కాదని చెబుతాను ముందు.
మంచు. మసి. బిర్చ్ చెట్ల బెరడు.
పాస్టరు మెడపట్టీ, మా అమ్మ తలగుడ్డ.
ఎరుపును పంది కోసిన రోజే చూసేవాళ్లం,
అదీ కాసేపే. మళ్లీ మంచు పడేది.

జారు కాలం. పంతొమ్మిది వందల తొమ్మిది, జనవరి.
మిల్లు గ్యెదర్ట్స్ ఇంటి బావితాడు
తెల్లారేసరికి తెగి ఉంది.
అరిగి తెగింది కాదు.
జున్ను కోసినంత నున్నగా ఉంది కోత.
బకెట్టు అడుగున ఎక్కడో నల్లటి నీళ్లలో.
పిల్లకాయల పని అని నవ్వుకున్నారు.

వారం తిరిగేసరికి దార్తా ముసలిది వాకిట్లో.
ఆ తర్వాత చర్చి గంట తాడు.
ఆ ఆదివారం గంట మోగలేదు,
అయినా ఊరంతా వచ్చింది,
ఎవరు రాలేదో చూడ్డానికి.

ఫిబ్రవరిలో బ్రెంత్సిస్ ఇంట
దూలానికి వేలాడే ఉయ్యాల తాడు.
బిడ్డ బతికింది.
కానీ ఆ రాత్రి నుంచి ఏడవడం మానేసింది.
వాళ్లమ్మ గిల్లి చూసేది, ఏడుస్తుందేమోనని.

అంతవరకూ గడియ కూడా లేని ఊరు మాది.
తాళ్లు పోయి తాళాలొచ్చాయి,
రీగా నుంచి, గడ్డి కప్పిన పెట్టెలో.
తాళంచెవులు మెడల్లో వేసుకుని
ఒకరి గుమ్మం ముందు ఒకరం
నెమ్మదిగా నడవడం నేర్చుకున్నాం.

తాడు తెగితే లాభం ఎవరికి?
బీరు కప్పు దించకుండానే అన్నాడు గ్యెదర్ట్స్.
అంతే. ఇంకేమీ అనలేదు.
అవిసె నార పేని తాళ్లు అమ్మే జెల్మా
ఊరి చివర, పీటు గుంటల పక్కన ఉండేది.
ఆ చలికాలం అందరూ ఆమె దగ్గరే కొన్నారు,
సగం మంది అరువుకి.

ఎవరూ కొట్టలేదు.
పాస్టరు పుస్తకంలో అలాగే రాసి ఉంది: ఎవరూ కొట్టలేదు.
ఆమె పేనిన తాడుతోనే ఆమె చేతులు కట్టి
స్లెడ్జి మీద కూర్చోబెట్టారు.
ఆమె ఆ ముడి వైపు చూసి
"ఎవరు వేశారిది? వదులుగా ఉంది" అంది.
పనివాళ్లను మందలించే గొంతుతో.
గడ్డకట్టిన ఏరు దాటించి వదిలేశారు.
స్లెడ్జి తిరిగొచ్చింది. తాడు కూడా తెచ్చుకున్నారు,
మంచి తాడని.

మొదటిది నేను కోశాను.
నాకు తొమ్మిదేళ్లు. మూడు గుప్పెళ్ల రై పిండికి
గ్యెదర్ట్స్ నా చెవిలో గంటలు మోగేలా కొట్టాడు.
నాన్న చేపల కత్తితో కోశాను,
బకెట్టు పడిన చప్పుడు విని
మూడు రోజులు సుఖంగా నిద్రపోయాను.
రెండోది నేను కాదు.
మూడోది కాదు. ఉయ్యాల...
కాదు.
అరవై ఏళ్లుగా ఒక్కో ఇంటినీ తలుచుకుంటూ
తలా ఒక తాడు పంచి చూస్తుంటాను.
ఎవరి చేతికిచ్చినా సరిగ్గా సరిపోతుంది.

చెప్పాలా వద్దా అనుకుంటూ ఉండగానే
స్లెడ్జి కదిలిపోయింది.
ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను నాకు నేను.
నిజానికి చాలా సేపు పట్టింది అది కదలడానికి.
గుర్రం మొరాయించింది.

మార్చిలో ఫొటోలతను వచ్చాడు,
భుజాన పాత పెట్టె, నల్లగుడ్డ.
ఊరి వాళ్లందరినీ చర్చి ముందు నిలబెట్టాడు,
మంచంలో ఉన్న దార్తాని కుర్చీతో సహా మోసుకొచ్చారు.
మబ్బు పట్టింది, ఎనిమిది లెక్కపెట్టేదాకా కదలొద్దన్నాడు.

ఆ ఫొటో ఇదిగో.
నా ముఖం ఒక్కటే చెదిరిపోయింది, చూడండి,
రెండు ముక్కులు, రెండు నోళ్లు.
అతను అయిదు అంటుండగా
మిల్లు వైపు నుంచి
బకెట్టు నీళ్లలో పడిన చప్పుడు.
నేను తల తిప్పాను.

అందరం అక్కడే ఉన్నాం. ఒక్కరూ తక్కువ లేరు.
అందరూ విన్నారు, వాళ్ల కళ్లు చూస్తే తెలుస్తుంది.
విని కూడా కదల్లేదు.
అందుకే ఆ ముఖాలన్నీ
ఇంత స్పష్టంగా వచ్చాయి.