ఇంటిపేరు పాకాల

రేణిగుంటలో విమానం దిగినారు నలుగురు.
ఆయన తెల్లగా, ఆమె మా చెల్లెలి మాదిరి,
బిడ్డలిద్దరూ ఆ రంగుకూ ఈ రంగుకూ నడాన.
నేను పట్టుకున్న అట్టముక్క మీద
ఇంగ్లీషులో ఒకసారి, ఊరికే తెలుగులో ఒకసారి:
మారిట్ పాకాల సూల్‌బర్గ్.
ఊరిపేరును నడిమధ్య ఎవురు పెట్టినారని
అడగబొయ్యి ఊరుకున్నా.
బాడుగ బండోడికి ఎందుకు?

చంద్రగిరి దాటినాక ఆమే చెప్పింది.
మూడేండ్లప్పుడు పాకాల జంక్షన్లో
రెండో ప్లాట్‌ఫారం బెంచీ మీద దొరికిందంట.
కాగితంలో ఆ గడి ఖాళీగా ఉండకూడదని
ఆశ్రమమోళ్ళు ఊరినే రాసేసినారంట.
సూల్‌బర్గ్ ఏమో సాకినోళ్ళది.
"నార్వేలో ఇంటిపేరు పొలంనుంచి వొస్తాది" అన్నాడు మొగుడు,
"సూల్‌బర్గ్ అంటే ఎండకొండ."
నాకు నగువొచ్చింది. అద్దం దించి చూపించినా.
రెండుపక్కలా ఎండకొండలే సార్,
ఒకదానికీ పేరు పెట్టలా ఎవురూ.

మాదీ అంతే అన్నా. మా ఇంటిపేరు కల్లూరు.
మా తాతకు తాత కల్లూరు ఇడిసినాకనే
ఆయనకు ఆ పేరు తగులుకుంది.
ఉన్నోడిని ఊరిపేరుతో ఎవురు పిలుస్తారమ్మా?
పాకాలలో ఉండేటోళ్ళెవురూ పాకాలోళ్ళు కారు.
పొయినోళ్ళే.

పనబాకం దాకా ఆమె మాట్లాడలా.
తర్వాత ఆ మాటే అనుకుంటా,
వాళ్ళ భాషలో బిడ్డలకు చెప్పింది.
తోతాపురి లారీలు ఒకదాని ఎనక ఒకటి
చిత్తూరు ఫ్యాక్టరీకి పోతా ఉండాయి.

మీటర్‌గేజి పట్టాలు ఎప్పుడో పీకేసినారు.
బెంచీ కొత్తది, సిమెంటుది,
ఎవురో చచ్చిపొయినాయన పేరు మీద ఇచ్చింది.
ఆ యేటి రిజిస్టర్లు గుంతకల్లుకు పొయినాయన్నాడు స్టేషన్ మాస్టరు,
చెదలకు పొయినాయన్నాడు,
ఒక్క గుక్కలోనే రెండూ.
ఆమె కంకరరాయి ఒకటి తీసుకోని
తిప్పి చూసి
ఆడనే పెట్టేసింది.

గూడ్సు వొస్తా ఉంటే పిల్లోడు కొసకు పరిగెత్తినాడు.
"కొమ్ దా!" అని అరిసింది. "కొమ్ దా!"
నేను ఉలిక్కిపడినా.
కొసన ఆ దా
మా అమ్మ గొంతులో మాదిరే ఉండాది.
మీ భాషలో దా అంటే ఏందమ్మా?
ఆలోచించింది. "ఏమీ కాదు, రమ్మనే మాటకు తోక."
మాకు తోక కాదమ్మా,
పిలుపంతా అదే.

టీకొట్టు దొరసానమ్మ,
పేరే అది, మనిషి మాడిన మూకుడు,
అంతసేపూ పొయ్యికాడ నిలబడి చూస్తానే ఉండాది.
ఎవురు, యాడోళ్ళు, ఏమీ అడగలా.
చెప్పినా ఇనపడదు, చెవుడు.
కొంగుతో బల్ల తుడిచి
గ్లాసు చాపి
"దా మే, దా" అనింది.

ఆమె పొయ్యింది.
గుర్తొచ్చి పొయ్యిందో,
వాళ్ళ తోక అనుకోని పొయ్యిందో,
ఎండకు తాళలేకనే పొయ్యిందో.
టీ మాత్రం రెండు గ్లాసులు తాగింది.

మాపటికి చిత్తూరులో లాడ్జికాడ దించినా.
లెక్క ఇచ్చినాక
ఆ అట్టముక్క ఇస్తావా అని అడిగింది.
దీంట్లో పాకాల యాడుండాది?
చూపించినా.
చిన్నబిడ్డ తూరా వేలు పెట్టి
పా దిద్దింది, కిందనుంచి పైకి,
అంతా తలకిందులుగా.
నేను దిద్దలా.