పందొమ్మిదో పేజీ

ఎక్కు. వెనక సీటు మీద పిల్లల పుస్తకాలున్నాయి,
పక్కకి జరిపి కూర్చో.
హీటరు కాస్త సతాయిస్తుంది. పాతికేళ్ళ బండి.
నీ పేరు ఎయిలిఫ్ కదూ? అట్ట వెనక ఫోటోలో
ఇంకొంచెం గంభీరంగా ఉన్నావు.

నేను రగ్న్‌ఫ్రిద్‌ని. ఈ ఉత్తర తీరం పొడవునా
పదకొండు రేవులకి పుస్తకాలు మోస్తాను.
నవంబరు చివర సూర్యుడు సెలవు పెట్టి పోతాడు,
జనవరి దాకా మొహం చూపించడు.
ఆ రెండు నెలలూ ఇక్కడివాళ్ళకి
దీపమూ, చేపల పులుసూ, నా బండీ.

పత్రికల్లో రాసేవాళ్ళు పుస్తకాన్ని
దేనితో కొలుస్తారో నాకు తెలీదు.
నేను మాత్రం, తిరిగొచ్చాక వాసన చూస్తాను.

ఇదిగో, దీన్ని చూడు. వెన్ను విరిగింది.
మధ్యలో కాడ్ చేప పొలుసు ఒకటి
ఎండి అభ్రకం రేకులా అతుక్కుంది.
నలభయ్యో పేజీలో కాఫీ మరక.
నూట పన్నెండో పేజీ అసలు లేనే లేదు.
చింపిందెవరో నాకు తెలుసు. హోకున్, పడవ మెకానిక్.
జరిమానా అంటే నవ్వుతూ కట్టాడు,
పేజీ మాత్రం ఇవ్వలేదు.

అందులో ఏముందనుకున్నావు?
ఒకావిడ, పోయిన మొగుడి రబ్బరు బూట్లలోంచి
నీళ్ళు వంపుతుంది. అంతే.
ఏడవదు. వంపి, గోడవారన బోర్లిస్తుంది.
ఎడమది కొంచెం ఎక్కువసేపు పట్టుకుంటుంది.

ఇక నీది.
కోపం తెచ్చుకోకు, తెచ్చుకున్నా
ఈ చలిలో దిగిపోలేవు.
నాలుగిళ్ళకి వెళ్ళింది. నాలుగుసార్లూ
ఇస్త్రీ చొక్కాలా తిరిగొచ్చింది.
మొదటావిడ గుర్తుకి పెట్టిన ఎర్ర ఉన్నిదారం
పందొమ్మిదో పేజీలో అలాగే ఉంది,
తర్వాత ముగ్గురూ దాన్ని దాటలేదు.

నేను చదివాను. మొత్తం. అది నా ఉద్యోగం.
నీ సముద్రం అనంతం. నీ మంచు తెల్లటి మౌనం.
నాయనా, మంచు ఎప్పుడు నోరు మూసుకుంది?
రాత్రంతా మోకుల మీద గడ్డకట్టి
తెల్లారి అల కదిలితే చాలు,
ఎండురొట్టె విరిచినట్టు పటపటమంటుంది.
నువ్వు పుట్టింది ఇక్కడే కదా, విన్లేదా?

అందరికీ నచ్చాలని రాశావేమో.
నా దగ్గర కార్డున్నవాళ్ళు రెండొందల ఆరుగురు.
'అందరూ' అన్న పేరుతో ఒక్కడూ లేడు.
బెర్గ్లియోత్ ఉంది. రొయ్యల ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు.
పది నిమిషాల విరామంలో తొట్టి బోర్లించి కూర్చుని,
ఒక చేతి తొడుగు మాత్రం విప్పి చదువుతుంది.
ఆ వేళ్ళు గడ్డకట్టినా సరే, ఇంకో పేజీ
తిప్పాలనిపించాలి ఆమెకి.

నేనూ ఒకసారి మొదలెట్టాలే. మా అమ్మ గురించి.
దేవతలా రాశాను. పదో పేజీకి నాకే నిద్రొచ్చింది.
ఆవిడ పక్కింటి కర్రల మీంచి ఎండుచేపలు దొంగిలించేది.
మాకోసమే. ఆ మాట రాయబోతే
చెయ్యి ఆగిపోయింది.
అక్కడే మొదలెట్టాల్సింది, ఇప్పుడు తెలుస్తోంది.
ఇప్పుడేముంది, కళ్ళు సరిగా కనపడవు,
రోడ్డు వరకూ చాలు.

ఆగు, నీది ఇంకా అవలేదు.
నూట అరవయ్యో పేజీ. అమ్మ తిట్లు మొదలెట్టే ముందు
నాన్న చెవి మిషను తీసి
వెన్న గిన్నె పక్కన పెడతాడు.
అది చదివి, బండి పక్కకాపి కూర్చున్నాను.
నా వెనక చేపల లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.
ఎందుకు దాచావయ్యా అంత లోపల?
సిగ్గుపడ్డావా?
ఆ సిగ్గు పక్కనే ఇంకేం పెట్టి ఉంచావో చూసుకో.
నాకు చెప్పక్కర్లేదు.

రేవొచ్చింది. తలుపు చేత్తో రాదు, భుజంతో నెట్టు.
ఆ నీలం టోపీ అతనే హోకున్.
పేజీ మడతపెట్టి పర్సులోనే ఉంచుకుంటాడు,
అడిగితే చూపిస్తాడేమో.
పెన్ను తియ్యకు అప్పుడే.
ముందు, దాన్ని ఎలా విప్పుతాడో చూడు.