నలభై ఒక్క టిక్కులు

మలావి సరస్సు మీంచి గాలి.
ఎండబెట్టిన ఉసిపా చేపల వాసన
ఆస్పత్రి గేటు దాకా వచ్చి
ఫినాయిల్‌తో తగువు పెట్టుకుంటోంది.
మూడు నెలలకోసారి వస్తాను నేను.
డ్రైవరు మామిడిచెట్టు కింద జీపులో కునుకు తీస్తాడు,
నేను రిజిస్టరు తెరుస్తాను.

గర్భస్రావం తర్వాతి వైద్యం.
ఎర్ర అట్ట, దాని మీద టీకప్పు మరక,
లోపల నలభై ఒక్క పేర్లు.
వయసు: పందొమ్మిది, ముప్ఫై రెండు, పదహారు, పదహారు.
నొప్పి మందు ఇచ్చారా అనే గడిలో
నలభై ఒక్క టిక్కులు.
ఒకే కలం, ఒకే వాలు,
బెల్లం దొరికిన చీమల బారు.

స్టోరు గదికెళ్ళి కార్డు తీశాను.
ఐబుప్రొఫేన్: జులై ముప్ఫైన సున్నా.
నేను వెళ్ళిన మర్నాడే కాబోలు.
తర్వాత మందు రాలేదు.
టిక్కులు మాత్రం వేళ తప్పకుండా వచ్చాయి.

"ఫలేసీ, ఈ మాత్రలెక్కడివి?"

జేబులోంచి చేతులు తియ్యకుండా చెప్పింది:
"పోయినసారి ఖాళీ గళ్ళు చూసి
అందరి ముందూ కేకలేశారు మేడమ్.
మీరే."

నేనే.
ఆ రోజు టైరు పంక్చరు, పొద్దుట్నుంచీ తిండి లేదు.
సాకులకేం, సంచీ నిండా ఉంటాయి.
నా కేకకి గళ్ళు నిండాయి.
నొప్పి మాత్రం
బల్ల అంచు పట్టుకున్న వేళ్ళ దగ్గరే ఉండిపోయింది.
వెళ్ళి చూశాను. ఎడమ వైపు అంచు
నిజంగానే కాస్త వంగి ఉంది.

ఫారం మడిచి లింబికానిని పిలిచాను.
సిరంజి తెమ్మన్నాను.
కవాటం మూసి, పిడి వెనక్కి లాగి,
ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.
వదిలితే ఉస్సుమనాలి.
అనలేదు.
శూన్యాన్ని పట్టి ఉంచడం ఒక్కటే దాని పని,
అదీ మర్చిపోయింది.
ఎండిన రబ్బరు వలయానికి
ఒక్క చుక్క సిలికాన్ వేలికొనతో రాసి
మళ్ళీ లాగితే, ఉస్!
"ఇంతేనా? ఐదు నెలలుగా నేను మళ్ళీ మళ్ళీ..."
నవ్వుతూ మొదలెట్టి మధ్యలో ఆగిపోయాడు.
ఎవరికి మళ్ళీ మళ్ళీ అని
నేను అడగలేదు, అతను చెప్పలేదు.

పదకొండింటికి సైకిల్ టాక్సీ గంట మోగింది.
వెనక సీటు మీద ఒక అమ్మాయి,
నడుముకి ఒకదాని మీద ఒకటి రెండు చుట్టుబట్టలు,
పైదాకా తడి.
ఫలేసి నోటి చివరికొచ్చింది పాత ప్రశ్న:
ఏం చేసుకున్నావు?
నా వంక చూసింది. మింగింది.
స్టూలు లాక్కుని, అమ్మాయి మొహం కంటే కిందుగా కూర్చుని
"ఎక్కడ నొప్పి చెల్లీ?" అంది.
అప్పుడు గాని ఆ పిడికిలి విచ్చుకోలేదు.
అందులో చెమటకి నానిన నోటు,
సైకిలతనికి ఇంకా ఇవ్వలేదు.

డ్రైవర్ని లేపి, అప్పుగా రెండు డబ్బాల మాత్రలు తెమ్మని
పక్క ఆస్పత్రికి తరిమాను.
రానూపోనూ అరవై కిలోమీటర్లు.
అంతదాకా ఆగుతుందా నొప్పి?
నా మోకాలి కోసం మోసుకు తిరిగే సంచీలో చెయ్యి పెట్టాను.

నలభై రెండో వరుసలో
ఫలేసి టిక్కు పెట్టలేదు, రాసింది:
"రెండు మాత్రలు. మేడమ్ సంచీలోవి."
గడి చాలక అక్షరాలు
పక్క గడిలోకి పాకాయి.

పోయినసారైతే
దానికీ కేకలేసేదాన్ని.