తగరపు ముక్కు

గ్లివిత్సెలో మంచు తెల్లగా పడి
తెల్లారేసరికి నల్లబడేది.
కిటికీ గడప మీద కాటుకంత మసి.
అది తుడవడంతోనే మొదలు నా ఉద్యోగం,
రెండో అంతస్తులో, ఎల్ఫ్రీదా ప్రయోగశాలలో.

ఆమె తగరాన్ని వండేది.
వండడమనే అంటాను, నాకు వేరే మాట రాదు.
ఆమ్లంలో కరిగించి
అమోనియా చుక్క చుక్కా వదిలితే
విరిగిన పాలలా అడుగున పేరుకునేది.
ఏడుసార్లు కడగాలి.
ఆరు చాలదా అంటే
తల ఎత్తకుండా, "ఏడు."
ఆరువందల డిగ్రీల కొలిమిలో రాత్రంతా ఉంచితే
వేడి మీద పసుపు, చల్లారితే తెలుపు.
మూతి ముడిచి చూసేది, కూరలో ఉప్పు చూసినట్టు.

ఆ పొడి ఏం చేస్తుందో ఒక్కసారే చెప్పింది,
టీ గ్లాసు పక్కకి జరిపి.
వేడెక్కిన గింజ మీద ఆక్సిజన్ వచ్చి వాలుతుంది.
వాలి, గింజ దగ్గర ఎలక్ట్రాన్ అప్పు పుచ్చుకుంటుంది.
అప్పిచ్చినవాడి చెయ్యిలా గింజ బిగుసుకుపోతుంది,
కరెంటుకి దారివ్వదు.
విషవాయువొచ్చి ఆ ఆక్సిజన్‌ని ఎత్తుకుపోయిందా,
అప్పు తిరిగొస్తుంది, ముల్లు లేస్తుంది.
"అంతేనా?" అన్నాను.
"అంతే. మిగతా నా జీవితమంతా తేమతో తగాదా."
నిజమే. వానపడ్డ రోజు
ముల్లు నోటికొచ్చిన అబద్ధమల్లా ఆడేది.

తండ్రి జాబ్‌జె గనిలో పనిచేసినవాడు,
మిద్దె మీద పావురాలు పెంచినవాడు.
అందుకే కాబోలు ఈ పరిశోధన అనుకునేవాళ్లు అందరూ.
అడిగితే "జీతం కోసం" అనేది, ముక్కుసూటిగా.
పల్లేడియం సీసాలున్న సొరుగులో మాత్రం
ఒక ఫోటో. తొమ్మిదేళ్ల పిల్ల, తడి జుట్టు.
వెనక పెన్సిలుతో:
ఊర్షుల. స్నానాల గది. ఫిబ్రవరి.
సొరుగు మూసేశాను.
ఇప్పటికీ అడగలేదు.

ఎనభై మూడు చలికాలం.
సబ్బుకి కూడా రేషను కార్డే.
సెన్సర్లు చావడం మొదలుపెట్టాయి.
సోమవారం బాగున్నది గురువారానికి
ఏ వాయువుకీ పలకదు, అలిగిన మనిషిలా.
కొలిమి మార్చింది. తీగ మార్చింది.
తగరం అమ్మినవాణ్ణి తిట్టింది.
మూడు నెలలు. రెండు వ్యాసాలు వెనక్కి తీసుకుంది.
మార్చిలో ఒక సాయంత్రం నా చేతులు పట్టుకుని
వాసన చూసింది.

ఆమ్లానికి పగిలి నెత్తురోడే చేతులు అవి.
పశ్చిమ జర్మనీ నుంచి మేనత్త పంపిన క్రీము,
నేను ఇంటినుంచి దాచి తెచ్చుకుని
రోజుకి రెండుసార్లు రాసుకున్నది.
అందులో సిలికోన్.
అది ఆవిరై, వేడి గింజల మీద
కంటికి కనపడని గాజు పొరై కూచుంది.

తిడుతుందని నిలబడ్డాను.
క్రీము డబ్బా అడిగి తీసుకుంది,
మూత తీసి బెల్‌జాడీ కింద పెట్టి
ఎంతసేపట్లో చంపుతుందో లెక్క కట్టింది.
మర్నాడు మా ఇంటినుంచే అనుకుంటా,
కాగితంలో చుట్టిన పందికొవ్వు
నా బల్ల మీద ఉంది. రాసుకోమని.
వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం:
"గెర్త్రూద చేతులకు."
అచ్చుతప్పనుకున్నాడట సంపాదకుడు.

మా ఇంటినుంచి అన్నానా?
పొరపాటు. వాళ్ల ఇంటినుంచి.
ముసలితనంలో ముల్లు ఇలా జరుగుతుంది,
సున్నా ఉన్నచోట ఉండదు.

ఆమె విరమించిన రోజు
డీను ఉపన్యాసమిచ్చాడు. రేగుపండ్ల బ్రాందీ వచ్చింది,
ఎవరో గ్లాసుల్లోకి వంపారు.
గోడ మీదున్న ఆమె పెట్టె, ముప్ఫై ఒక్కేళ్ల పని,
గొంతు చించుకుని అరిచింది.
దానికి సారా ఒకటే, చావొకటే.
అందరూ నవ్వారు. డీను స్టూలెక్కి
పెట్టె నోరు నొక్కబోయాడు.

"ఉండండి," అంది ఎల్ఫ్రీదా.
గ్లాసు కింద పెట్టి
నా జేబులోంచి పెన్సిలు లాక్కుని
టైము రాసుకుంది.