వంకర లెక్క

పొద్దంతా పుత్లీబౌలిలో చక్రాలు సరిచేస్తాను.
కంప్యూటరు తెరమీద ఎర్రముల్లు వణికి వణికి
సున్నా దగ్గర ఆగాలి.
కస్టమరు గల్లీ చివర స్టీరింగు వదిలేసి చూస్తాడు,
బండి ఎటూ లాగకుండా పోతే నాకు మూడొందల యాభై.
ఈ ఊరి గుంతలు పదహారేళ్లుగా వంకర చేస్తున్నవి
నేను తిన్నగా చేస్తున్నాను.
ఇద్దరికీ చేతినిండా పనే.

రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు దించి
చిక్కడపల్లి సందులో మెట్లెక్కుతాను.
కింద బ్లౌజుల టైలరు, పైన ఆటల గది, గంటకి అరవై.
గ్రీజు సబ్బుకి పోదని
స్టీరింగుకి పాత బనీను గుడ్డ చుట్టి ఇస్తాడు ముజమ్మిల్.
అక్కడ కూచుని
చక్రాలు వంకర చేస్తాను.

ముందు వాటికి క్యాంబరు మైనస్ ఐదు.
మా షెడ్డుకి అలాంటి బండొస్తే
ఏ నాలాలో దించినవు నాయనా అని అడిగేవాణ్ణి.
ఇక్కడ అదే కావాలి.
బండి ఒరిగినప్పుడు ఆ వంకరే
రోడ్డుని నిండుగా పట్టుకుంటుంది.
డిఫరెన్షియలు పూర్తిగా బిగించాలి,
వెనక చక్రాలు రెండూ తగువు మానుకున్న తోడికోడళ్లలా
ఒక్కసారే తిరగాలి.
వెనక టైర్లకి గాలి కాస్త ఎక్కువ, పట్టు కాస్త తక్కువ.
హ్యాండుబ్రేకు ఒక్క గుంజు.

ఆటలో మన ఊరు లేదు.
ఏదో చలిదేశపు కొండ, నల్లటి ఘాట్ రోడ్డు,
ఒక్క గేదె లేదు, ఒక్క స్పీడు బ్రేకరు లేదు.
మొదటి నెలంతా నేను ఆ కొండని
గుద్దడమే.

ముజమ్మిల్ చెల్లెలు నౌషీన్
గల్లా దగ్గర బీకాం పుస్తకం మూయకుండానే అంది,
"అంకుల్, మీరు బండిని ఆపుతున్నరు.
పడనియ్యండి.
యాడ పడాల్నో అది మాత్రం మీరు చెప్పండి."
ఇంకోటి కూడా అంది,
"ఒక్కపారి ఒక్కటే మార్చాలె.
రెండు మార్చినరంటే ఏది బాగుచేసిందో,
ఏది చెడగొట్టిందో ఎన్నటికీ తెల్వదు."
నేను అప్పటిదాకా బతుకులో
ఒక్కపారి ఒక్కటి ఎప్పుడు మార్చానా అని ఆలోచిస్తూ
ఇంకోసారి కొండని గుద్దాను.

ఆషాఢంలో ఒక శుక్రవారం కుదిరింది.
మూడో గేరు, ఎడమ మలుపు,
వెనకభాగం బయటికి జారింది. జారుతూనే ఉంది.
నేను స్టీరింగు కుడికి తిప్పి
మలుపు ముగిసే చోటుని చూస్తున్నాను, అంతే.
తెల్లపొగ. మళ్లీ కుడి మలుపు. మళ్లీ ఎడమ.
బండి రోడ్డు మీద సంతకం పెడుతున్నట్టుంది.
నౌషీన్ పుస్తకం మూసింది.

అప్పుడే కరెంటు పోయింది.

ఇన్వర్టరు రెండు మూలుగులు మూలిగి ఊరుకుంది.
కింద కుట్టుమిషను ఆగింది.
చీకట్లో ముజమ్మిల్ గొంతు, "సేవ్ చేసినవా అన్నా?"
చెయ్యలేదు.
మూడు నెలల మరల లెక్క.

అరగంటకి వెలుగొచ్చాక ఒక్కొక్కటే తిరిగి పెట్టాను.
క్యాంబరు వేళ్లకి గుర్తుంది.
స్ప్రింగుల మెత్తదనం నడుముకి గుర్తుంది.
టైరుగాలి చెవికి.
ముందువైపు యాంటీ రోల్ బారు అంకె మాత్రం రాలేదు.
పన్నెండా, పద్దెనిమిదా?
పన్నెండుకి ముక్కు ముందే తిరుగుతుంది,
పద్దెనిమిదికి బిగుసుకుంటుంది.
మధ్యలో ఎక్కడో ఉంది ఆ శుక్రవారం.

మర్నాడు వాన వెలిశాక
మలక్‌పేట నించి ఒక పెద్దాయన పాత తెల్ల కారు తెచ్చాడు,
ఎడమకి లాగుతోందట.
ముల్లు సున్నాకి దగ్గరవుతుంటే
స్పానరు పట్టిన చెయ్యి ఒక్క క్షణం నిలిచింది.
మళ్లీ తిప్పింది.

గల్లీ చివరిదాకా చేతులు వదిలేసి పోయొచ్చి
"గీత గీసినట్టు పోతున్నదయ్యా" అన్నాడు.
డబ్బులు తీసుకున్నాను.
జాబుకార్డు వెనక పదిహేను అని రాసి
జేబులో పెట్టుకున్నాను.