నీళ్లల్ల సప్పుడు

బి.వై. నగర్‌ల మా క్లినిక్ గోడ సన్నది.
అవతల ఎనిమిది సాంచాలు.
సిరిసిల్లకు వచ్చిన కొత్తల
ఎవరి మణికట్టు మీద వేలు పెట్టినా
కొట్టుకునేది నాడో నాడెనో
పోల్చుకోలేకపోయేదాన్ని.

అంబవ్వ వచ్చింది,
కుడిచేతి బొటనవేలిని
ఎవరిదో అప్పు తెచ్చినట్టు
ఎడమచేత్తో జాగ్రత్తగ పట్టుకొని.
ముప్పై ఏండ్ల బీడీలు ఆ వేలి మొదట్ల ఉన్నయి.
దినానికి వెయ్యి.
గుణించబోయి ఆపేసిన.
కొన్ని లెక్కలు మనిషి ముంగట చెయ్యొద్దు.

"చెంబు పడితే జారుతది బిడ్డా.
మనుమరాలికి జడ అల్లస్తలేదు.
ఆకు సుడితే మాత్రం వస్తది,
అది చెయ్యి చేసే పని కాదు, అలవాటు చేస్తది."

వెనక పెనిమిటి నాంపెల్లి.
ఆయన చెవులను ఎవ్వరూ ఎత్తుకపోలే.
రోజుకు పన్నెండు గంటలు
కొంచెం కొంచెం సాంచకు తనే ఇచ్చిండు.
ఇప్పుడు పెదవులు చూసి మాట వింటడు.
నేను మాస్కు పెట్టుకున్ననంటే
ఆయనకు మూగదాన్ని.

బొక్క మీద తోలు మాత్రమే మిగిలిన చోట
జెల్లు రాసినా సందుల గాలి ఉంటది.
గాలి అడ్డమొస్తే
ఈ శబ్దం ఒక్క అడుగు ముందుకెయ్యదు.
అందుకే తొట్టిల నీళ్లు పోసిన,
కాచి చల్లార్చినవి, బుడగ లేనివి.
"ముంచు అవ్వా."

నీళ్లల్ల ఆమె చెయ్యి
పొగాకు రంగు వదలని చెయ్యి.
గుండ్రటి లోహపు మొఖాన్ని
తాకీ తాకకుండ, ఆపకుండ తిప్పుతున్న,
బియ్యంల రాళ్లకు చాట తిప్పినట్టు.
ఆగితే ఒక్కకాన్నే కాలుతది.
సెకనుకు ముప్పై లక్షల వణుకులు.
కుక్క చెవికి కూడ అందవు.

"పెట్టినవా?"
"పెట్టిన."
"ఏం తెలుస్తలేదు."
"తెల్వద్దు. సుర్రుమంటే చెప్పు, తగ్గిస్త."

నాంపెల్లి లేచిండు.
మిషన్ మీద అరచెయ్యి ఆనిచ్చిండు.
భీము తిరిగే తీరును బట్టే
ఏ నట్టు వదులైందో చెప్పిన చెయ్యి అది.
"నడుస్తలేదు!" అని అరిచిండు,
తన గొంతు తనకు వినపడనోళ్లు అరిచినట్టు.
"మమ్ముల మోసం జెయ్యకు బిడ్డా,
నడిచే మిషన్ చేతికి తెలుస్తది."

నేను వాదించలేదు.
లోహపు మొఖాన్ని తుడిచి, పైకి తిప్పి,
దాని మీద ఒక్క నీళ్ల సుక్క ఇడిచిన.

సుక్క ఉలిక్కిపడ్డది.
మసిలినట్టు మసిలి, ముక్కలై,
సన్నటి పొగమంచై లేచింది.

శానసేపు చూసిండు.
"ఇంత లొల్లి చేస్తాంది," అన్నడు,
మొదటిసారి మెల్లగ.
తర్వాత నా పెదవుల దిక్కు తిరిగి:
"నీకు వినపడుతుందా?"
"లే."
"దానికి?"
"అవ్వకు గూడ వినపడదు. ఎవ్వరికీ వినపడదు."

నవ్విండు. పండ్లన్నీ కనపడేటట్టు.
ఆ ఐదు నిమిషాలు ఆ అర్రల
ముగ్గురివీ ఒక్కతీరు చెవులు.

ఈ శబ్దం నొప్పిని తరిమేస్తదని నేను చెప్పలేదు.
లోపల కొంచెం వెచ్చబరుస్తది,
బిగిసిన నరం పక్కన కొంచెం జాగ ఇప్పిస్తది.
మిగిలింది వేలికి దొరికే విశ్రాంతి.
"పది రోజులు బీడీలు బంద్," అన్న.
కూరగాయల బేరం జేసినట్టు చేసింది:
"ఏడు వందలు?"
"అసలే వద్దు."
"ఆరు. ఆకు తీస్కపోకుంటే కార్డుల పేరు కొట్టేస్తరు."
డిగ్రీ చదివిన దాన్ని, ఐదు వందలకు ఒప్పుకున్న.
వేలికి పట్టీ కట్టిన.
కట్టుకుంట కట్టుకుంట నామీద నాకే కోపమొచ్చింది.

ఆరోసారి వచ్చినప్పుడు
వెంట మనుమరాలు. రెండు జడలు.
ఒకటి బిగువుగ, ఒకటి వదులుగ.
ఏది ఎవరు అల్లిన్రో నేను అడగలే.

నీళ్లు ఇప్పుడు నాంపెల్లే పోస్తడు,
బుడగలు లేవకుండ, తొట్టి అంచు మీదికెల్లి మెల్లగ.
అంతా అయినంక, లేవబోయే ముందు
"ఇగ సుక్క," అంటడు.
ఇడుస్త.
వంగుతడు. చెవి పెట్టడు,
కన్ను దగ్గరికి తెస్తడు.