నాలుగ్గంటల నీళ్లు

కొత్త గుంట కదా అని
మొదటి రోజే నాలుగు ఫ్యాన్లూ తిప్పబోయాను.
చెంగమ్మ గట్టు మీంచి అరిచింది:
"పాలుతాగే పిల్లలకి ఇసనకర్ర ఏందికయ్యా?
ముందు నీళ్లు పచ్చబడనీ.
కొత్త మట్టి, లేపితే బురదే."

ఎకరంన్నర. పొన్నపూడికి తూర్పున.
కాలవ దాటితే ఇసక, ఇసక దాటితే సముద్రం.
ఏరియేటర్లు అమ్మినవాడు
హార్స్‌పవర్ లెక్క అట్టముక్క మీద రాసిచ్చి పోయాడు.
చెంగమ్మకి చదువు రాదు.
పీతల బొరియల్లో చెయ్యి పెట్టి పెరిగిన మనిషి,
నీటిని వాసన చూసి చెబుతుంది.

ఇరవయ్యో రోజు తనే అంది, ఇంక తిప్పు.
గట్టుకి మరీ ఆనించొద్దు, కోసేస్తది.
ఒకదాని ఎనక ఒకటి పెట్టు,
తిరగలి తిరిగినట్టు నీళ్లన్నీ ఒకే పక్కకి నడవాల,
మురికంతా నడిమజ్జకి చేరాల.

ఎండ ఉన్నంతసేపూ పాచే ఊపిరి పోస్తుంది,
పొద్దుగూకాక అదే పాచి
రొయ్యతో పాటు వరసలో నిలబడి గాలి అడుగుతుంది,
పగలు అప్పిచ్చినవాడే రాత్రికి చెయ్యి చాపినట్టు.
తెల్లారగట్ల నాలుగింటికి
మీటరు మూడు దగ్గర వణుకుతుంది.
ముసురు రోజు, గాలి పడిపోయిన రోజు
పగటిని కూడా రాత్రే అనుకోవాలి.

ముప్పై తొమ్మిదో రాత్రి, ముసురు.
రెండున్నరకి కరెంటు పోయింది.
మోతలో నిద్రపోవడం అలవాటైనవాణ్ణి
నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచాను.
జనరేటరు బెల్టు తెగింది.
మా బామ్మర్ది పెంచల్ బండేసుకుని విడవలూరు పోయాడు
ఎవరినో నిద్ర లేపడానికి.

టార్చి వేస్తే అంచు పొడుగునా ఎర్రటి చుక్కలు.
రొయ్యల కళ్లు. పైకొచ్చేశాయి.

దిగి చేతులతో నీళ్లు కొట్టాను.
తొడల లోతు, ఉప్పు, చీకటి.
ఒక మనిషి చేతులు ఎన్ని హార్స్‌పవరో
ఆ అట్టముక్క మీద లేదు.
చెంగమ్మ నవ్వలేదు. తనూ దిగింది,
సత్తుగిన్నెతో ఎత్తి పోస్తూ,
ఎత్తి పోస్తూ.

బెల్టు వచ్చేసరికి నాలుగూ పది.
మోత మొదలైంది. ఎర్ర చుక్కలు
ఒక్కొక్కటే ఆరిపోయాయి.
ఊపిరి అంది మునిగాయో, ఊపిరాగి మునిగాయో
వెలుగొస్తే గానీ తెలీదు.

గట్టు మీద ఇద్దరం రొప్పుతున్నాం.
"కొంగలు రాలేదింకా," అన్నాను.
చీర కుచ్చిళ్లు పిండుకుంటూ ఆకాశం వైపు చూసింది.
"రాకపోతేనే మేలబ్బయ్యా,
ఫ్యాన్లు మాత్రం ఆపబాక."